మౌనమూ హెచ్చరికే

రాష్ట్రపతి నిలయం వల్ల బొల్లారం పేరు దేశమంతటికీ తెలుసు. అక్కడి రైల్వే స్టేషనుకు అంతటి ప్రఖ్యాతి లేదు. అయినా సికింద్రాబాదు నుండి బొల్లారం, నిజామాబాదుల మీదుగా ముద్ఖేడ్ వైపు సాగే ఆ మార్గంలో మన కాలపు గొప్ప సాంకేతిక ప్రయత్నం ఒకటి అమలయింది. అదే ‘కవచ్’. రైళ్లు ఢీకొనకుండా కాపాడే ఈ వ్యవస్థను 2020లో జాతీయ స్థాయిలో స్వీకరించారు. 2024 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర నెలకొల్పారు.

కవచ్‌లో ఇంజనుకొక కంప్యూటరు, స్టేషనుకొక కంప్యూటరు ఉంటాయి. స్లీపర్లకు బిగించిన ట్యాగులను చదివి ఇంజను తన ఉనికిని తెలుసుకొంటుంది. ఎంత దూరం పోవచ్చునో స్టేషను రేడియో ద్వారా తెలుపుతుంది. డ్రైవరు ఎర్రదీపాన్ని దాటబోతే బ్రేకు దానంతటదే పడుతుంది. ఇన్ని యంత్రాలు, వాటిలో ఇంత సాఫ్ట్‌వేరు కలిసి పనిచేసేచోట ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి చెడక మానదు. కనుక చెడినప్పుడు ఏమి జరగాలో ముందే నిర్ణయించి ఉంచాలి.

ఈ వివేకం రైల్వేకు కొత్తది కాదు. పట్టాలలో ప్రవహించే స్వల్ప విద్యుత్తు రిలేను పట్టి ఉంచినంతసేపే దారి ఖాళీగా ఉన్నట్లు లెక్క. తీగ తెగినా, విద్యుత్తు పోయినా రిలే విడిపోతుంది, సిగ్నలు ఎరుపవుతుంది. వార్త రాకపోవడాన్నే అపాయంగా భావించిన పూర్వపు ఇంజనీర్ల దూరదృష్టి మెచ్చదగినది. కవచ్ కూడా రేడియో మూగబోతే పాత అనుమతిని నిరవధికంగా నమ్మదు. ఒకే లెక్కను ఒకటికి మించిన ప్రాసెసర్లు చేస్తాయి. ఫలితాలు కలియకపోతే యంత్రం భద్రత వైపే మొగ్గుతుంది.

అయితే చీటికిమాటికి రైలు ఆగితే ప్రయాణికులు సహిస్తారా? సహించరు. అప్పుడు సిబ్బందిపై ఒత్తిడి పెరుగుతుంది. రక్షణ యంత్రాన్ని పక్కకు పెట్టి బండి నడిపే అలవాటు మొదలవుతుంది. యంత్రలోపం కంటె ఈ అలవాటే నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లాలో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రధాన మార్గంలో పచ్చదీపం వెలిగింది; పాయింటు మాత్రం లూపు లైనుకు తిరిగి ఉంది. 290 మందికి పైగా మరణించారు. సిగ్నలు వైరింగులో మరమ్మతుల సమయాన జరిగిన పొరపాట్లే కారణమని విచారణ తేల్చింది. ఆ మార్గంలో కవచ్ లేదు. ఉన్నా, సిగ్నలే తప్పు చెప్పినప్పుడు అది ఎంతవరకు ఆదుకొనేదో సందేహమే.

కవచ్ ఎన్ని కిలోమీటర్లు విస్తరించిందో ప్రభుత్వం ప్రకటిస్తూనే ఉంది. అది ఎన్నిసార్లు మూగబోయింది, ఎంతసేపటికి సరిచేశారు, ఎన్నిసార్లు దానిని ఆపి రైలు నడిపారు అన్న లెక్కలను కూడా అంతే క్రమంగా ప్రజల ముందుంచాలి.