చేపలకు చలిమంట

కోనసీమలో చలేమిటండీ, కొబ్బరిచెట్లు నవ్విపోవూ, అంటారు మీరు. నేనూ అన్నవాణ్ణే. కాని పుష్యమాసపు రాత్రి మా అమలాపురంలో మంచు దిగిందంటే పెద్దవాళ్ళు దుప్పట్లు వెతుక్కుంటారు. గాజుతొట్టెలో చేపకు దుప్పటెక్కడిది? దాని ఒంటికి సొంత వేడి లేదు. నీరు చల్లబడితే తానూ చల్లబడుతుంది.

మా అమ్మాయి చదువుకని విశాఖపట్నం వెళ్తూ తన చేపల తొట్టె నాకు అప్పగించింది. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. సుమారు 250 లీటర్ల నీరు. అందులో ఏడు ఏంజెల్ చేపలు. వాటి పుట్టిల్లు అమెజాన్ నది. నీరు 24 డిగ్రీలకు తగ్గితే మందగిస్తాయి. పోయిన పుష్యంలో 21కి దిగింది. సంక్రాంతికి పిల్ల వచ్చేసరికి చేపలు చలాకీగా ఉండాలని కాకినాడ వెళ్ళి, దొరికినవాటిలో పెద్ద హీటరు, 300 వాట్లది, తెచ్చి ఓ మూల దింపాను.

"ఒక్కటేనా?" అంది మా ఆవిడ.

"ఏనుగు ఒక్కటి చాలదటే?" అన్నాను.

ఆ ఏనుగే తొక్కింది. రెండురోజులు రాజోలులో చుట్టాలింట ఉండి, భోగినాడు పొద్దున్నే తిరిగొచ్చాం. వీధిలో భోగిమంటలు, ఇంట్లో తొట్టెనీరు 36 డిగ్రీలు! వేడి చాలనగానే ఆగవలసిన లోపలి మీట అతుక్కుపోయింది. నీరు వేడెక్కినకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. అయిదు చేపలు పోయాయి. రెండు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

మా కాలేజీ ఫిజిక్సు మాస్టారు లెక్కకట్టి చూపారు. అంత నీటిని ఒక్క డిగ్రీ పెంచడానికి 300 వాట్లకు గంట చాలు. 75 వాట్లకు నాలుగు గంటలు. 75 వాట్లవి రెండు పెట్టామనుకోండి. ఒకటి ఆగక మండినా, రెండోది తనంతట ఆగుతుంది. మండేది ఇచ్చే కాస్త వేడీ గాలికి పోతూంటుంది. ఒకటి చచ్చినా రెండోది సగం బరువు మోస్తుంది. తెలుగు మేష్టర్ని గనక నా భాషలో చెబుతాను: హీటర్లది ద్వంద్వ సమాసం కావాలి, రెండు పదాలకూ ప్రాధాన్యం!

చలిదేశాల పుస్తకాలు లీటరుకు ఒక వాటు అంటాయి. మనకు పెంచవలసింది నాలుగైదు డిగ్రీలే. అంచేత అందులో సగానికి కాస్త ఎక్కువైతే చాలు.

ఇక పెట్టే చోటు. తొట్టెకు ఈ కొసనొకటి, ఆ కొసనొకటి. ఫిల్టరు నీరు పారే దారిలో ఒకటైనా ఉండాలి. కదలని నీటిలో వేడి అక్కడే ఉండిపోతుంది. వేడినీరు పైకి పోతుంది గనుక హీటరు కిందిభాగాన, పూర్తిగా మునిగేటట్టు, అడ్డంగా ఉంచడం మేలు. ఇసుకలో మాత్రం పాతకండి. థర్మామీటరు రెంటికీ దూరంగా నడుమ ఉండాలి. తీగ ప్లగ్గుకన్న కిందికి వేలాడి పైకెక్కాలి. జారిన నీటిబొట్టు ఆ వంపులోనే రాలిపోతుంది. తొట్టెలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకండి. నీరు మార్చాలంటే పీకాక పావుగంట ఆగండి. వేడి గాజు నీళ్ళలోంచి బయటపడితే పగులుతుంది. ఎండలు ముదరగానే తీసి తుడిచి అటకెక్కించండి.

పండక్కి వచ్చిన అమ్మాయి తొట్టె ముందు చాలాసేపు నిలబడింది. నన్నొక్క మాటా అనలేదు. "రోజుకు రెండుసార్లు థర్మామీటరు చూడండి, నాన్నా" అంది, అంతే. తిట్టినా బాగుండును.

ఇప్పుడు పొద్దున కాఫీకి ముందు, రాత్రి పడకకు ముందు ఆ ఎర్రగీత చూస్తాను. ఫోనులో అమ్మాయి మొదటిమాట, "ఎంత, నాన్నా?"

"26" అంటాను.

అప్పుడుగాని "మీరెలా ఉన్నారు?" అని అడగదు.