పెరుగు గిన్నెలోని చుట్టాలు

రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు చేమిరి వేసి మూత పెడతాం. తెల్లారేసరికి గడ్డ పెరుగు! ఆ పని చేసేది మనం కాదండీ, ఆ చెంచాడు చేమిరిలో ఉన్న కోట్లాది సూక్ష్మజీవులు. పాలలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం అనే పులుపును వదులుతాయి. ఆ పులుపుకే పాలు తోడుకుంటాయి. వీటిలో పేరుమోసిన కుటుంబం లాక్టోబాసిలస్‌లది. 2020లో శాస్త్రజ్ఞులు లాక్టోబాసిలస్ అన్న ఒక్క పేరు కింద ఉన్నవాటిని 25 రకాలుగా విడదీశారు, ఉమ్మడి కుటుంబం వేరుపడ్డట్టు. అప్పుడే ఇడ్లీ పిండిని పొంగించే ల్యూకోనాస్టాక్‌ను కూడా ఈ ఇంటిపేరులోనే కలిపేశారు. అంటే మన పెరుగు గిన్నె, పిండి గిన్నె ఇప్పుడు చుట్టాలన్నమాట.

పెరుగు తింటే నూరేళ్ళు బతుకుతామన్న మాట వినే ఉంటారు. ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు దీనికి బాగా ప్రచారం తెచ్చాడు. 1908లో నోబెల్ బహుమతి అందుకున్నాయన. బల్గేరియా పల్లెల్లో జనం ఎక్కువకాలం బతకడానికి పెరుగే కారణమని నమ్మి, తనూ రోజూ పుల్లటి పాలు తాగేవాడు. 1916లో 71 ఏళ్ళకు పోయాడు. కాబట్టి నూరేళ్ళ మాట పక్కన పెడదాం. పాలు పడనివారికి పెరుగు తేలికగా అరుగుతుందన్నది మాత్రం నిజం. పాలలోని చక్కెరలో కొంత ఆ జీవులే తినేస్తాయి కదా! అవి మన పొట్టలో కాపురం పెట్టవు, వచ్చిన చుట్టాల్లా నాలుగు రోజులుండి వెళ్ళిపోతాయి. మజ్జిగపులుసు మరిగిస్తే అవి చచ్చిపోతాయి, రుచే మిగులుతుంది.

ఈ కుటుంబంలోనే ప్లాంటారం అనే రకం ఒకటుంది. ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేలమందికి పైగా పసికందులపై చేసిన పరిశోధన ఫలితం 2017లో వెలువడింది. పుట్టిన తొలి రోజుల్లో, తల్లిపాలు తాగుతున్న పిల్లలకు, ఏడు రోజులపాటు ఈ జీవుల పొడిని నోట్లో వేశారు. ఉత్తుత్తి పొడి వేసిన పిల్లల్లో నూటికి 9 మంది సెప్సిస్ పాలవడమో, చనిపోవడమో జరిగితే, ఈ పొడి వేసినవారిలో అది నూటికి అయిదున్నర లోపే. ఇది చదివి పసిబిడ్డ నోట్లో పెరుగు పెట్టేరు సుమా! అది డాక్టర్లు కొలత ప్రకారం ఇచ్చిన మందు. ఆరు నెలల వరకూ బిడ్డకు తల్లిపాలే.

ఇక అసలు సంగతి. మనం తల్లీకూతుళ్ళం కూడా మాట్లాడుకోని సంగతి. ఈ లాక్టోబాసిలస్‌లు స్త్రీ శరీరంలో, యోని మార్గంలో కాపలా ఉంటాయి. 1892లోనే డోడర్లీన్ అనే జర్మన్ వైద్యుడు ఈ విషయం రాశాడు. ఆడపిల్ల ఈడేరాక ఈస్ట్రోజన్ హార్మోన్ వల్ల అక్కడి గోడల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం చేరుతుంది. వీటికి అదే తిండి. అది తిని, పెరుగు గిన్నెలో చేసినట్టే, ఇక్కడా పులుపు చేస్తాయి. ఆ పులుపులో చెడ్డ క్రిములు బతకలేవు. అందుకే ఆ చోటు కాస్త పుల్లగా ఉండడమే ఆరోగ్యం. నీళ్ళలాగానో గుడ్డు తెల్లసొనలాగానో కొద్దిగా తెలుపు కావడం కూడా మామూలే. దానికే బెంగపడి కడిగిందే కడగడం మంచిది కాదు. సబ్బు క్షారం, ఆ పులుపును పోగొడుతుంది. యాంటిసెప్టిక్ నీళ్ళయితే కాపలావాళ్ళనే చంపేస్తాయి. పైన మంచినీళ్ళతో కడుక్కుంటే చాలు, లోపలికి ఏమీ పోయక్కర్లేదు. ఇంటి పెరుగు, నిమ్మరసం అక్కడ రాసుకోమని చెప్పేవాళ్ళ మాట వినకండి.

మా వీధిలో డిగ్రీ చదివే పిల్ల ఒకతె. మామూలు జలుబుకు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కుని మింగింది. ఆ మందుకు మంచీ చెడూ తెలియదు, కాపలా ఉన్నవాటినీ తుడిచేస్తుంది. అప్పుడు ఈస్ట్ అనే బూజు జాతి జీవి పెచ్చరిల్లుతుంది. వారం తిరక్కుండా దురద, విరిగిన పాలలా తెల్లబట్ట. నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. సబ్బుతో రుద్ది రుద్ది పుండు చేసుకుంది. తనకేదో చెడ్డ జబ్బు వచ్చిందనుకుని, సంబంధాలు వస్తుంటే వద్దని ఏడ్చింది. కారణం తెలియక వాళ్ళమ్మ ఎవరినో ప్రేమించిందని అనుమానపడింది! చివరికి లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే బూజుకు మందు ఇచ్చారు. వారంలో తగ్గింది. ఆ పిల్ల పడ్డ బాధలో రోగం పాలెంత, సిగ్గు పాలెంత, మీరే చెప్పండి.

అందుకని జలుబుకు యాంటీబయాటిక్ వద్దు, అది జలుబును తగ్గించదు. డాక్టరు రాసిస్తే మాత్రం చెప్పినన్నాళ్ళూ వాడాలి. తెల్లబట్టకు చేపల వాసన వచ్చినా, రంగు మారినా, మంటా దురదా ఉన్నా చూపించుకోండి. గర్భిణులు మరీ అశ్రద్ధ చేయకూడదు. లాక్టోబాసిలస్‌లు తగ్గి వేరే క్రిములు చేరినవారిలో నెలలు నిండకుండానే ప్రసవమయ్యే ప్రమాదం ఎక్కువని తేలింది.

మీ అత్తగారో అమ్మగారో మాటిమాటికీ మూత్రంలో మంట అంటున్నారా? ముట్లు ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గుతుంది, గ్లైకోజన్ తగ్గుతుంది, తిండి లేక లాక్టోబాసిలస్‌లూ తగ్గిపోతాయి. వేడి చేసిందని సబ్జా నీళ్ళతో సరిపెట్టి ఊరుకోకండి. మూత్ర పరీక్ష చేయించాలి. పదే పదే వస్తుంటే అక్కడ రాసుకునే హార్మోన్ క్రీము ఉంటుంది, డాక్టరు చూసి ఇస్తారు. పెద్దావిడ నోరు తెరిచి అడగరు. పక్కన మీరు ఉంటే, డాక్టరుతో మీరే చెప్పండి.