ఆరోగ్యము – హక్కులు: ఆపరేషన్ తరువాతి గంటలు

కర్మాగారంలో ఒక పెద్ద మోటారుకు మరమ్మతు జరిగిన పిమ్మట, అది తిరగడం మొదలు కాగానే ఎవరూ దానిని ఉత్పత్తి విభాగానికి అప్పగించరు. కొన్ని గంటలు నడిపి, బేరింగుల వేడిమి, ప్రకంపనలు, కరెంటు రీడింగులు నిర్ణీత వ్యవధిలో నమోదు చేసి, అంకెలు నిలకడగా ఉన్నాయని తేలిన తరువాతనే సంతకం పెడతారు. యంత్రానికే ఇంత శ్రద్ధ అవసరమైనప్పుడు మనిషి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఉదయం ఆసుపత్రికి వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరే ఆపరేషన్లు, పరీక్షలు నేడు సర్వసాధారణమైనాయి. కంటిశుక్లం, ఎండోస్కోపీ, కుటుంబ నియంత్రణ మొదలైనవి ఈ కోవలోనివే. వీటి తరువాతి గంటలలో జరుగవలసిన పరిశీలన గురించి, అది లోపించినప్పుడు చట్టం కల్పించే రక్షణ గురించి ఈ నెల పాఠకుల దృష్టికి తేదలచినాము.

2022 ఆగస్టు 25వ తేదీన తెలంగాణలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజున 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగినాయి. ఇళ్ళకు చేరిన తరువాత కొందరు అస్వస్థులయ్యారు. కొద్ది రోజుల వ్యవధిలోనే నలుగురు తల్లులు మరణించినారు. మిగిలినవారిని హుటాహుటిన హైదరాబాదు ఆసుపత్రులకు తరలించి చికిత్స చేయవలసి వచ్చింది. ఇటువంటి విషాదమే 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ప్రాంతపు శిబిరాలలోనూ సంభవించింది. ఆ ఘటనను కూడా పరిశీలించిన సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 14న తీర్పునిస్తూ, ఇటువంటి శిబిరాల పద్ధతికి మూడేళ్ళలోగా స్వస్తి చెప్పవలసిందిగా ప్రభుత్వాలకు సూచించింది.

ఈ ఆపరేషన్ విషయంలో కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలు 2006 నాటికే ఉన్నాయి. ఆపరేషన్ జరిగిన తరువాత కనీసం నాలుగు గంటలు గడవాలి. నాడి, రక్తపోటు నిలకడగా ఉండాలి. రోగి పూర్తిగా మెలకువలో ఉండి, నడవగలిగి, ద్రవాలు తాగి, మూత్ర విసర్జన చేసి ఉండాలి. బాధ్యత గల వ్యక్తి తోడు ఉన్నప్పుడే ఇంటికి పంపాలి. 48 గంటలలోగా ఆరోగ్య సిబ్బంది ఒకసారి పలకరించాలి. ఏడవ రోజున తిరిగి పరీక్షించాలి. 2005లో మొదలైన కేంద్ర పరిహార పథకం, డిశ్చార్జి అయిన 30 రోజులలోపు ఈ ఆపరేషన్ కారణంగా సంభవించే మరణాలకు వర్తిస్తుంది. ఆసుపత్రి గడప దాటినంత మాత్రాన బాధ్యత తీరదని ఆ పథకమే ఒప్పుకొన్నదన్నమాట.

మత్తు ఇచ్చిన రోగుల విషయంలో డాక్టర్ ఆల్డ్రెట్ 1970లో ఒక సులభమైన కొలమానాన్ని రూపొందించినారు. కదలిక, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, చర్మపు రంగు అనే అయిదింటికి సున్న నుండి రెండు వరకు మార్కులు వేస్తారు. పదింట తొమ్మిది వస్తేనే రోగిని కోలుకునే గది నుండి కదలిస్తారు. తరువాతి కాలంలో చర్మపు రంగు స్థానాన్ని ఆక్సిజన్ శాతం ఆక్రమించింది. కోవిడ్ రోజులలో ఇంటింటికీ పరిచయమైన పల్స్ ఆక్సీమీటరు దానిని చెబుతుంది. ఆ పరికర సూత్రాన్ని 1974లో వెల్లడించినవారు టకువో అవోయాగి అనే జపాను ఇంజనీరని తెలిసినప్పుడు మా వృత్తివారికి సంతోషం కలుగక మానదు. అయితే, పరికరం ఎంత గొప్పదైనా చూచేవారు, వ్రాసేవారు లేకపోతే నిష్ప్రయోజనం.

వివాదం తలెత్తినప్పుడు సైతం మొదట తెరిచేది ఆ వ్రాసిన కాగితాన్నే. రోగి పక్షం ప్రాథమికంగా నిర్లక్ష్యాన్ని చూపగలిగితే, తగిన జాగ్రత్త వహించామని నిరూపించవలసిన భారం ఆసుపత్రిపైనే పడుతుందని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. గంటగంటకూ నింపిన కేసు షీటు మంచి వైద్యునికి కవచం. ఖాళీగా ఉన్న షీటు రోగి కుటుంబానికి సాక్ష్యం.

మన ఉద్యోగులలో చాలామందికి ఒక సందేహం ఉన్నది. "వైద్య ఖర్చు సంస్థ భరిస్తుంది కదా, మనం వినియోగదారులం ఎలా అవుతాము?" అని. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వ్యాజ్యంలో 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు దీనికి సమాధానం చెప్పింది. ఉద్యోగ నిబంధనలలో భాగంగా యజమాని ఖర్చు భరించినప్పుడు, ఆ వైద్యం ఉచిత సేవ కాదు. ఉద్యోగి, అతనిపై ఆధారపడిన కుటుంబసభ్యులు ఫిర్యాదు చేయవచ్చు. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు మాత్రం ఈ చట్టం పరిధిలోకి రావు. అక్కడి బాధితులు సివిల్ కోర్టును గాని, హైకోర్టును గాని ఆశ్రయించవలసి ఉంటుంది.

జంషెడ్‌పూర్‌లోని మన తెలుగు కుటుంబాలు వైద్యం కోసం విశాఖపట్నమో, వెల్లూరో వెళ్ళడం పరిపాటి. పూర్వం ఫిర్యాదు కూడా అక్కడే చేయవలసి వచ్చేది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తాము నివసించే చోటనే, అంటే ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే, ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. అయితే రెండేళ్ళ గడువు దాటరాదు.

పాఠకులు గుర్తుంచుకోదగిన విషయాలు ఇవి:

1. ఇంటికి బయలుదేరేముందు చివరిసారి చూచిన నాడి, రక్తపోటు, ఆక్సిజన్ అంకెలు ఎంతో అడగండి.

2. ఏ లక్షణాలు కనబడితే వెంటనే తిరిగి రావాలో, రాత్రివేళ ఏ నెంబరుకు ఫోను చేయాలో కాగితంపై వ్రాయించుకోండి.

3. మత్తు తీసుకున్నవారిని ఆ రాత్రి ఒంటరిగా ఉంచకండి, వాహనం నడపనీయకండి.

4. జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, ఆయాసం, తగ్గని మగత కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి.

5. వైద్య రికార్డుల నకళ్ళు కోరండి. 2002 నాటి వైద్యమండలి నిబంధనల ప్రకారం, కోరిన 72 గంటలలో వాటిని ఇవ్వాలి.

ఇంత చెప్పినందువల్ల వైద్యులందరినీ అనుమానించమని మా అభిప్రాయం కాదు. ఫలితం వికటించిన ప్రతి సందర్భమూ నిర్లక్ష్యం కాదనీ, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ నేరమవుతుందనీ సుప్రీంకోర్టు 2005లో స్పష్టం చేసింది. ఒక్క డాక్టరు, ఇద్దరు నర్సులు పదుల సంఖ్యలో రోగులను చూచుకోవలసి వచ్చే చోట తప్పు వ్యక్తులదా, ఏర్పాటుదా అన్నది కూడా ఆలోచించవలసినదే. అయినప్పటికీ, పరిహారమెంత వచ్చినా పోయిన తల్లి పిల్లలకు తిరిగి రాదు. ఆసుపత్రి బయట స్కూటరు స్టార్టు చేసే ముందు, లోపలికి వెళ్ళి ఒక్కసారి ఆ కేసు షీటు చూడమని, చూపమని అడగండి. అడగడం అమర్యాద కాదు.