ట్యునీషియాను ఓడించింది స్వేచ్ఛ కాదు

ట్యునీషియా పేరెత్తితే చాలామంది విశ్లేషకులు ఇప్పుడు ఒకే తీర్పు చెబుతున్నారు. నియంత బెన్ అలీ పారిపోయాక ఆ దేశం పదేళ్లు ఎన్నికలు, హక్కులు, వాక్‌స్వాతంత్ర్యం అంటూ కాలం గడిపిందట. ఆకలి తీరని జనం చివరికి బలమైన నాయకుణ్ణి కోరుకున్నారట. కాబట్టి ముందు తిండి, ఉద్యోగం, శాంతిభద్రతలు చూడాలి, ఉదారవాద విలువల సంగతి తర్వాత అన్నది వారి సారాంశం. ఈ మాట పేదల పక్షాన పలికినట్టే వినిపిస్తుంది. కానీ పేదల నోరు నొక్కడానికి నియంతలు ఎప్పుడూ చెప్పే సాకు ఇదే.

ఇందులో ఉన్న నిజాన్ని ముందే ఒప్పుకోవాలి. 2011 తర్వాత ప్రభుత్వాలు వెంటవెంటనే మారాయి. లోతట్టు ప్రాంతాల యువతకు ఉద్యోగాలు రాలేదు. కోవిడ్ రోజుల్లో ఆసుపత్రులు చేతులెత్తేశాయి. 2021 జులై 25 రాత్రి అధ్యక్షుడు కైస్ సయీద్ ప్రధానిని తొలగించి పార్లమెంటును స్తంభింపజేసినప్పుడు జనం వీధుల్లోకి వచ్చి సంబరాలు చేసుకున్నారు. వారి ఆగ్రహం న్యాయమైనది. ఆ ఆగ్రహానికి స్వేచ్ఛే కారణమని చెప్పడం మాత్రం అబద్ధం.

తిండి ముందు అనేవారు బెన్ అలీ పాలనకేసి చూడాలి. 23 ఏళ్లపాటు వారు కోరే సుస్థిరతంతా అక్కడ ఉంది. 2010లో ప్రపంచ ఆర్థిక వేదిక పోటీతత్వంలో ఆఫ్రికా మొత్తానికీ ట్యునీషియానే మొదటి స్థానంలో నిలబెట్టింది. అదే ఏడాది డిసెంబరు 17న సీదీ బూజీద్ పట్టణంలో తోపుడుబండి వ్యాపారి మహమ్మద్ బువాజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాడు. అధికారులు అతని సరుకు లాక్కున్నారు, మొరపెట్టుకోవడానికి వెళ్తే వినే నాథుడు లేడు. అతని తిండి లాక్కున్నదీ, అతనికి న్యాయం దక్కనివ్వనిదీ ఒకే అధికారం. బెన్ అలీ కుటుంబంతో సంబంధమున్న 220 సంస్థలు ప్రైవేటు రంగ లాభాల్లో ఐదోవంతుకు పైగా దండుకున్నాయని 2014లో ప్రపంచ బ్యాంకు అధ్యయనం తేల్చింది. ఆ సంస్థలకు పోటీ లేకుండా నిబంధనలే మార్చారు. పత్రికలు రాయలేకపోయాయి, కోర్టులు అడగలేకపోయాయి, దోపిడి నిరాటంకంగా సాగింది. తిండిని, స్వేచ్ఛను విడదీసి చూసేవారికి ఈ లెక్క అర్థం కాదు.

ఇక ఆ పదేళ్లు వృథా అన్న మాట. 2013లో షుక్రీ బెలాయీద్, మహమ్మద్ బ్రాహ్మీ అనే ఇద్దరు వామపక్ష నాయకులను హత్య చేశారు. పొరుగున లిబియా, ఆ పక్కన ఈజిప్టు పట్టిన దారే ట్యునీషియా కూడా పడుతుందని చాలామంది భయపడ్డారు. అప్పుడు కార్మిక సమాఖ్య, యజమానుల సంఘం, న్యాయవాదుల సంఘం, మానవహక్కుల లీగ్ కలిసి పార్టీలను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాయి. ఎన్నికల్లో గెలిచిన ఇస్లామిక్ పార్టీ ఎన్నహ్దా ప్రభుత్వం నుంచి తప్పుకుంది. అంతరాత్మ స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగం 2014 జనవరిలో వచ్చింది. ఆ నాలుగు సంస్థలకు 2015లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది. తుపాకీ లేకుండా ఒక దేశాన్ని అంతర్యుద్ధం అంచు నుంచి వెనక్కి లాగింది సంఘం పెట్టుకునే హక్కు, మాట్లాడే హక్కు, రాజీపడే అలవాటు. ఉదారవాద విలువలు అంటే ఇవే.

మరి ఎక్కడ చెడింది? ఆ విలువలకు కాపలా కాయాల్సిన వ్యవస్థను కట్టకుండా వదిలేసిన చోట. 2014 రాజ్యాంగం ప్రకారం 12 మంది సభ్యులతో రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికలైన ఏడాదిలోపు ఏర్పడాల్సింది. ప్రతి పార్టీ తన మనిషే కావాలని పట్టుబట్టింది. పార్లమెంటు ఏళ్ల తరబడి ఓటింగులు జరిపి తన వాటా నలుగురిలో ఒక్కరినే ఎన్నుకోగలిగింది. సయీద్ ఆసరా చేసుకున్న 80వ అధికరణం, అసాధారణ పరిస్థితిలో పార్లమెంటు నిరంతరం సమావేశమై ఉండాలని చెప్పింది. ఆయన దాని తలుపులే మూయించారు. అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పాల్సిన న్యాయస్థానం లేదు. అక్కడ ఉదారవాదం ఎక్కువైంది అనేవారికి సమాధానం ఇదే: అది సగంలో ఆగిపోయింది.

హక్కులకన్నా సుస్థిరతే ముందన్న వాదన భారత్‌లో మనకూ కొత్త కాదు. ఎమర్జెన్సీలో రైళ్లు వేళకు నడిచాయనే మాట ఇక్కడ ఇంకా బతికే ఉంది. 1977లో ఉత్తరాది కాంగ్రెస్‌ను ఊడ్చేసినా ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే ఇచ్చింది. అయినా మరుసటి ఏడాది 44వ సవరణ వచ్చింది. అంతర్గత కల్లోలం పేరుతో ఎమర్జెన్సీ పెట్టే వీలు పోయింది, జీవించే హక్కు కోసం కోర్టుకు వెళ్లే దారిని ఎమర్జెన్సీలోనూ మూయలేని స్థితి వచ్చింది. నియంతృత్వం నుంచి బయటపడ్డ దేశం మొదట చేయాల్సిన పని అలా అధికారానికి కళ్లెం వేయడమే.

బలమైన నాయకుడు తిండైనా పెట్టాడా? 2022, 2023 సంవత్సరాల్లో ట్యునీషియన్లు పంచదార, పాలు, పిండి దొరక్క వరుసల్లో నిలబడ్డారు. ధరల పెరుగుదల పది శాతం దాటింది. ఒక్క ఉత్తర్వుతో 57 మంది న్యాయమూర్తులను తొలగించారు. తప్పుడు వార్తల పేరుతో జైలుకు పంపే 54వ డిక్రీ తెచ్చారు. 2022 డిసెంబరు ఎన్నికల్లో ఓటేసినవారు సుమారు 11 శాతం. ఆకలి అలాగే ఉంది, ఆకలి వేస్తోందని చెప్పే హక్కు పోయింది.

2023లో ఎన్నహ్దా నాయకుడు రాషిద్ ఘన్నూషీని జైల్లో పెట్టారు. అదే ఏడాది, బెన్ అలీ పాలనను వెనకేసుకొచ్చిన, ఎన్నహ్దాకు బద్ధశత్రువైన అబీర్ మూసీని కూడా జైల్లో పెట్టారు. ప్రత్యర్థి చేతిలో పడుతుందని పార్టీలు ఏర్పడనివ్వని ఆ న్యాయస్థానం అవసరం ఇప్పుడు ఇద్దరికీ ఉంది. రేపు మరో దేశంలో నియంత కూలినప్పుడు, హక్కులు తర్వాత చూసుకుందాం అనే సలహాదారులు మళ్లీ వస్తారు. వారి మాట వినకూడదు. గెలిచినవారి మీద కూడా చెల్లే న్యాయస్థానాన్ని మొదటి ఏడాదే కట్టుకోవాలి, ఎందుకంటే పేదవాడి రొట్టెకు అంతకు మించిన కాపలా లేదు.