తాగినాడు అనేముందు పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది పులివెందుల దగ్గర ఒక సుగాలి తండా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మన కడప జిల్లాలో కూడా చలికి ప్రాణం పోతుందని మొన్న చెప్తే మా రూములో అందరూ నవ్వినారు. "లంబసింగిలో అంటే సరే, ఈ ఎండల్లో ఏం చలిరా?" అన్నారు. అందుకే రాస్తున్నా.

2021 నవంబర్ గుర్తుందా? 19వ తేదీన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ రోజుల్లో జిల్లా అంతా వానే. మా కాకా జమ్మలమడుగు వైపు కొండల్లో మేకలు మేపుతున్నాడు. రాత్రంతా తడిసి, తెల్లారి రోడ్డు మీదికి వచ్చేసరికి కాళ్లు తడబడుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. చూసినోళ్లు ఏమన్నారో చెప్పాల్నా? "సుగాలోడు, పొద్దున్నే తాగినాడు." తడిబట్టలతోనే ఒక అరుగు మీద పండబెట్టి పోయినారు. మా కాకా జన్మలో సారా ముట్టలేదు. మా తండా ఆటో ఆయన గుర్తుపట్టి ఆసుపత్రికి తీసుకుపోయినాడు కాబట్టి బతికినాడు.

మన ఒంటి వేడి మామూలుగా 37 డిగ్రీల సెల్సియస్. అది 35 కంటే తగ్గితే ప్రమాదం. దీన్నే హైపోథెర్మియా అంటారు. దీనికి మంచు అక్కర్లేదు. తడి, గాలి, ఖాళీ కడుపు చాలు. నీళ్లు ఒంటి వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. మొదట వణుకు వస్తుంది. తర్వాత మాట తడబడుతుంది, మతి తప్పుతుంది, మగతగా ఉంటుంది. ఇంకా ముదిరితే వణుకు ఆగిపోతుంది. అది తగ్గినట్టు కాదు, చెయ్యి దాటుతున్నట్టు. పాత పాదరసం థర్మామీటర్‌ను నమ్ముకోవద్దు. దాని గీతలే 35 దగ్గర మొదలవుతాయి. పొట్ట మీద చెయ్యి పెట్టండి. అక్కడ కూడా చల్లగా ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.

అంబులెన్స్ వచ్చేలోపు గాలి తగలని చోటికి మెల్లగా మోయండి, కుదుపొద్దు. తడిబట్టలు తీసేయండి, అవసరమైతే కత్తిరించండి. ఒళ్లు తుడిచి కింద గోనెసంచులు, పైన దుప్పట్లు వేసి తల కూడా కప్పండి. వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి చంకల్లో, ఛాతీ మీద పెట్టండి. తెలివిగా ఉండి మింగగలిగితే తియ్యటి వేడి టీ ఇవ్వండి. కాళ్లూ చేతులూ రుద్దొద్దు, మంట పక్కన కూర్చోబెట్టొద్దు. ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. ఒళ్లు చల్లబడిందని చనిపోయినాడనుకోవద్దు. 1999లో నార్వేలో మంచు కింద ఇరుక్కున్న అన్నా బోగెన్‌హోల్మ్ అనే డాక్టరమ్మ ఒంటి వేడి 13.7 డిగ్రీలకు పడిపోయినా బతికింది.

ఇంకో తప్పు మనది. చలికి సారా పోస్తే వేడి వస్తుందని మన పెద్దోళ్లు అంటారు. వచ్చేది చర్మానికి మాత్రమే. సారా తాగితే చర్మంలో రక్తనాళాలు వెడల్పవుతాయి, లోపలి వేడి బయటికి పోతుంది. అంటే నిజంగా తాగినోడు వానలో పడి ఉంటే వాడికి ప్రమాదం ఎక్కువే గానీ తక్కువ కాదు. తాగినాడని వదిలేసే హక్కు ఎవరికీ లేదు, మనకు కూడా.

మన మీద ఈ తాగుబోతు ముద్ర ఎప్పుడు పోతుందో నాకు తెలియదు. దానిమీద కొట్లాడాల్సిందే. కానీ అది పోయేదాకా మా కాకా లాంటోళ్లు అరుగుల మీద చల్లబడకూడదు. ఈ గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరూ ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు తండాలో, కాలనీలో, గూడెంలో కనీసం పదిమందికి ఇది చెప్పండి. మేకల కాపర్లకు, రాత్రి చేను కాసేవాళ్లకు ముందు చెప్పండి. నేను మా కాకాతోనే మొదలుపెట్టినా.