చీటీ లేని నిద్ర బిళ్ల కొనొద్దు! వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపొద్దు!

అరకు, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట ఊళ్ల అక్కలారా, అన్నలారా, అవ్వలారా, తాతలారా!

సంతకొచ్చారు. ఉప్పు కొన్నారు, ఎండుచేపలు కొన్నారు. జీపెక్కే ముందు ఈ కాగితం చదవండి. చదువు రానివాళ్లకి చదివి వినిపించండి. కువిలో చెప్పండి, ఆదివాసీ ఒరియాలో చెప్పండి. ఇది మనందరి ఇళ్లలో జరుగుతున్న సంగతి.

ఉన్నట్టుండి గుండె దడ. ఊపిరాడదు. ఒళ్లంతా చెమట. చేతులు చల్లబడి తిమ్మిరెక్కుతాయి. "ఇక నా పని అయిపోయింది" అనిపిస్తుంది. మనలో ఎంతమందికి వచ్చిందిది? సిగ్గెందుకు? అప్పులవాళ్లు గుమ్మం ముందు కూర్చున్న రోజు నుంచీ వచ్చినవాళ్లున్నారు. డోలీలో మోసుకెళ్తున్న మనిషి దారిలోనే పోతే, ఆ డోలీ మోసినవాడికి రాత్రిళ్లు వస్తోంది. బిడ్డ పోయిన తల్లికి వస్తోంది. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పిల్లకి పరీక్ష ముందు వస్తోంది. డాక్టర్లు దీన్ని పానిక్ ఎటాక్ అంటారు. చిల్లంగి కాదు! గాలి సోకడం కాదు! పక్కింటి ముసలమ్మ చేసింది అసలే కాదు! ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టిన పాపం, చంపిన పాపం మన కొండల్లో ఇప్పటికే చాలా ఉంది.

ఇంత కష్టం వస్తే మన చేతికి ఏం అందుతోంది? డాక్టరా? రక్తపరీక్షా? కూర్చోబెట్టి మాట్లాడే మనిషా? ఏదీ కాదు. ఒక చిన్న బిళ్ల!

సంత చివర మీరూ చూశారు. సంచిలోంచి షీటు తీస్తాడు. కత్తెరతో నాలుగు బిళ్లలు కత్తిరిస్తాడు. పాత పేపరు ముక్కలో చుట్టి చేతిలో పెడతాడు. "రాత్రికొకటి ఏసుకో, దడ పోద్ది." అయిపోయింది వైద్యం! ఆ పొట్లం విప్పి చూడండి. మందు పేరు సగానికి తెగి ఉంటుంది. గడువు తేదీ ఉండదు. ఎర్ర గీతల గడిలో అచ్చేసిన హెచ్చరిక అతని సంచిలోనే ఉండిపోయింది. మనకి దక్కింది బిళ్ల ఒక్కటే.

ఏమిటా బిళ్ల? ఎక్కువగా అల్ప్రాజోలం. లేకపోతే డయాజెపాం, లోరాజెపాం, క్లోనాజెపాం. బడికెళ్లే పిల్లచేత షీటు చదివించండి. పేరు చివర 'జోలం' అనో 'జెపాం' అనో వస్తే ఈ కాగితం మీకోసమే.

అల్ప్రాజోలం, డయాజెపాం రెండూ షెడ్యూల్ హెచ్1 మందులు. 2014 మార్చి నుంచి రూలు అమల్లో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఎవరు రాశారు, ఎవరికిచ్చారు, ఎన్నిచ్చారు అన్నది షాపువాడు వేరే రిజిస్టరులో రాయాలి, 3 ఏళ్లు దాచాలి. మరి మీ పేరు ఏ రిజిస్టరులో ఉంది? అల్ప్రాజోలం ఇంకో జాబితాలోనూ ఉంది. అది 1985 నాటి మత్తు పదార్థాల చట్టం. గంజాయి కేసులు పెట్టేది కూడా ఆ చట్టం కిందే! గంజాయి పేరు చెప్పి చెక్‌పోస్టులో మన కుర్రాళ్లని బస్సు దింపుతారు, బట్టల మూటలు విప్పిస్తారు. సంత చివర కత్తెర పట్టుకుని కూర్చున్నవాడి సంచి మాత్రం ఎవరూ విప్పించరేం?

"బిళ్ల ఏసుకుంటే తగ్గుతోంది గదా?" అంటారు. అసలు మోసం ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా వినండి. దడ మొదలైన పది నిమిషాల్లోపు బాగా ముదురుతుంది. చాలామందికి అరగంట తిరిగేసరికి దానంతటదే దిగిపోతుంది. మింగిన బిళ్ల రక్తంలో నిండుగా చేరడానికి గంటా రెండు గంటలు పడుతుంది. లెక్క మీరే వేసుకోండి! బిళ్ల పూర్తిగా పనిలోకి దిగేసరికి దడ ఎప్పుడో పోయింది. తగ్గించుకుంది మీ ఒళ్లు, పేరు కొట్టేసింది బిళ్ల! మళ్లీ దడ వచ్చేసరికి మీ ఒంటి మీద మీకే నమ్మకం ఉండదు. కొంగుముడి తడుముకుంటారు, బిళ్ల ఉందా లేదా అని. బిళ్ల లేకపోతే సంతకి రారు. బస్సెక్కరు. ఒంటరిగా తోటకి పోరు. ముందు దడకి భయపడ్డాం, ఇప్పుడు బిళ్ల అయిపోతుందేమోనని భయపడుతున్నాం.

మొదట్లో అరబిళ్ల చాలుతుంది. కొన్ని వారాలకి ఒకటి కావాలి. తర్వాత రెండు. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా దిగిపోయే రకం. దిగుతున్నకొద్దీ దడ మళ్లీ తలెత్తుతుంది. తెల్లారి లేస్తూనే వణుకు, చిరాకు. "జబ్బు ముదిరింది, ఇంకో బిళ్ల పెంచుదాం" అనుకుంటాం. ముదిరింది అలవాటు! బిళ్ల వడ్డీ వ్యాపారిలా తయారవుతుంది. ఇచ్చింది కాసింత నిద్ర, వసూలు చేసేది రోజూ!

ఇది మన బతుకులో ఎక్కడ తగులుతుందో చూడండి. రాత్రి బిళ్ల వేసుకున్న తమ్ముడు తెల్లారి మత్తు దిగకుండానే అనంతగిరి ఘాట్‌లో స్టీరింగు పట్టుకుంటాడు. ఆ జీపులో లోపల ఎంతమందిమి, పైన ఎంతమందిమి? జీలుగు చెట్టెక్కిన మావకి పట్టు జారితే? రాత్రిపూట బయటికెళ్లిన అవ్వ తూలి గట్టు మీంచి పడి తుంటి విరిగితే? డోలీ ఎవరు మోస్తారు? విశాఖ కేజీహెచ్‌లో ఎవరు కాపలా ఉంటారు? ఎన్ని రోజుల కూలి పోతుంది? నెలలు నిండిన చెల్లి ఈ బిళ్లలు మింగుతూ ఉంటే పుట్టిన బిడ్డ ఒళ్లు మెత్తగా వేలాడిపోవచ్చు, పాలు సరిగా లాగకపోవచ్చు. పొదుపు సంఘం లెక్క నోటితో చెప్పే అక్కకి నిన్న ఎవరు ఎంత కట్టారో గుర్తుండదు. ఇటుకల పండగ పూట ఇప్పసారా మీద ఈ బిళ్ల వేసుకున్న మనిషి నిద్రలోనే ఊపిరి ఆగి పోవచ్చు! సారా వేరుగా ఒకటి, బిళ్ల వేరుగా ఒకటి. రెండూ కలిస్తే లెక్క మారిపోతుంది.

మైదానంలో జరిగింది వినండి. తెలంగాణలో కల్లు దుకాణాల్లో ఏళ్ల తరబడి ఈ అల్ప్రాజోలం, డయాజెపాంలే కల్లులో కలిపి పోశారు. తాగినవాళ్లకి ఆ సంగతే తెలియదు. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగాయి. కల్లులో మందు ఒక్కసారిగా ఆగింది. ఏమైంది? నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతూ, ఫిట్స్‌తో, వింత చూపులతో ఆసుపత్రుల ముందు బారులు తీరారు. కొందర్ని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది. 2025 జూలైలో కూకట్‌పల్లిలో మళ్లీ కల్తీ కల్లు! మళ్లీ అల్ప్రాజోలం! మళ్లీ చావులు! మన జీలుగు కల్లు చెట్టు మీంచి దిగిన కల్లు, అందులో ఏ పొడీ లేదు. కానీ లోటా పక్కన ఈ బిళ్ల పెట్టుకున్న రోజున మనకీ వాళ్లకీ తేడా ఏముంది?

అందుకే నెలల తరబడి వాడుతున్నవాళ్లకి గట్టిగా చెబుతున్నాం. ఈ కాగితం చదివి ఆవేశంతో బిళ్లలు గెడ్డలో పారెయ్యకండి! ఉన్నపళంగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. డాక్టరు చూస్తుండగా కొంచెం కొంచెం తగ్గించాలి. 2025లో అమెరికా డాక్టర్ల సంఘాలు కలిసి ఇచ్చిన సలహా ప్రకారం 2 నుంచి 4 వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించి చూడాలి. అంటే నెలలు పడుతుంది. పట్టనివ్వండి! ఇంగ్లాండులో న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే డాక్టరమ్మ 1982 నుంచి 1994 దాకా ఈ రకం బిళ్లలు మాన్పించడానికే ఒక క్లినిక్ నడిపింది. చదువుకున్న దొరలకే అది అవసరమైంది, మనకెందుకు నామోషీ? అమెరికా ప్రభుత్వం 1990లో పానిక్ జబ్బుకి అల్ప్రాజోలం వాడొచ్చని ఒప్పుకుంది. అలవాటుపడతారు, ఆపితే ప్రమాదం అని ఈ రకం మందులన్నిటి మీదా గడి కట్టి అచ్చేయించింది 2020లో. 30 ఏళ్లు!

మందు మీద మాకు పగ లేదు. ఫిట్స్ ఆగని బిడ్డకి ఆసుపత్రిలో ఈ జాతి మందే సూదిలో ఎక్కించి ప్రాణం నిలుపుతారు. డాక్టరు చూసి, ఇన్ని రోజులకే అని రాసిస్తే వేసుకోండి. పానిక్‌కి వేరే మందులున్నాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కానీ ఇలా పట్టుకోవు. వాటినీ డాక్టరుని అడక్కుండా ఆపకూడదు. మాటలతో, అలవాట్లు మార్చి నయం చేసే పద్ధతీ ఉంది. సంత చివర సంచిలో దొరకనివి ఇవే!

ఇంకో మాట. దడ అంతా పానిక్ కాదు. మన ఆడవాళ్లలో రక్తం తక్కువైనవాళ్లు ఎందరు! రక్తం లేకపోతే గుండె దడదడలాడుతుంది. సికిల్ సెల్, థైరాయిడ్, మలేరియా, వీటన్నిటిలోనూ దడ ఉండొచ్చు. నిద్రపుచ్చితే రక్తం పడుతుందా? ముందు రక్తపరీక్ష! (మనం పండించే కాఫీ కూడా ఎక్కువైతే దడ పెంచుతుంది. మన కాఫీ మనకి దొరికేదెంతలే!)

దడ వచ్చినప్పుడు మనిషిని ఒంటరిగా వదలకండి. కూర్చోబెట్టండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చమనండి, నోటితో ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలమనండి. "తగ్గిపోద్ది, నేనున్నా" అని చెప్పండి. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, మనిషి స్పృహ తప్పినా పానిక్ అనుకుని కూర్చోకండి. వెంటనే 108!

ఇక సర్కారుని అడగాల్సింది. 2022 ఏప్రిల్‌లో మనకి సొంత జిల్లా ఇచ్చారు. పాడేరులో మెడికల్ కాలేజీ పెట్టారు. మంచిదే. అయినా మనసు డాక్టరంటే చినవాల్తేరు ఆసుపత్రే దిక్కు అని నూరు కిలోమీటర్ల పైన పోయే అక్క చార్జీలు ఎవరిస్తారు? సంత రోజున అరకు ఏరియా ఆసుపత్రిలో మనసు డాక్టరు కూర్చోవాలి! పక్కన కువి, ఒరియా తెలిసిన మనిషి ఉండాలి! పీహెచ్‌సీలో బిళ్ల తగ్గించుకునే లెక్క రాసిచ్చి, నెలనెలా చూడాలి! డ్రగ్ ఇన్‌స్పెక్టరు సంతకి రావాలి! 14416 టెలిమానస్ నంబరు 2022 అక్టోబరు నుంచి ఉంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. సిగ్నల్ ఉన్నవాళ్లు ఇవాళే చెయ్యండి. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన ఊళ్ల సంగతేంటి? దడతో వణుకుతూ గుట్టెక్కాలా? పీహెచ్‌సీ నుంచి ఆశా కార్యకర్త ఆ ఫోను కలిపి ఇవ్వాలి!

వచ్చే సంత రోజు పొద్దున్న పది గంటలకి ఏరియా ఆసుపత్రి గేటు దగ్గర కలుద్దాం. ఇంట్లో ఉన్న తెగిన షీటు ముక్కలన్నీ, చుట్టిచ్చిన పేపరుతో సహా పట్టుకురండి. రోజూ వేసుకునేవాళ్లు ఆ రోజు బిళ్ల మానకుండా వేసుకునే రండి. వాడే అవ్వ నడవలేకపోతే ఎన్నాళ్లనుంచి, రోజుకెన్ని వేసుకుంటోందో అడిగి కాగితం మీద రాయించుకు రండి. లోపల డాక్టరుకి ఒక్కొక్కరం చూపిద్దాం. అక్కణ్నుంచి ముక్కలన్నీ ఒక సంచిలో పోసి, పాడేరు ఐటీడీఏ గ్రీవెన్స్‌లో పీవో గారి బల్ల మీద పెడదాం. జీపు చార్జీ లేనివాళ్లు ముందే చెప్పండి, చందా వేసుకుందాం.

— ఈ సంతకొచ్చే ఊళ్లవాళ్లం