సొర కనిపించే నెలలు

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల, గార మండలాల తీర గ్రామాల నుంచి ఏటా వందలాది మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావళ్ రేవుకు వలస పోతారు. అక్కడి మరబోట్ల మీద సరంగులుగా, కళాసీలుగా పనిచేసి వేసవిలో ఇళ్ళకు చేరుకుంటారు. 2020లో లాక్‌డౌన్ వేళ ఆ రేవులో చిక్కుకుపోయిన వేలమందిని బస్సుల్లో తీసుకురావలసి వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మనవాళ్ళు అక్కడ సముద్రం మీద ఉండే నెలల్లోనే ఆ తీరానికి మరొకరు కూడా వస్తారు. అది తిమింగల సొర.

పేరులో తిమింగలం ఉన్నా అది చేపే. లోకంలో అంతకన్నా పెద్ద చేప లేదు. నలభై అడుగులు, ఆపైన కూడా పెరుగుతుంది. ఒంటినిండా తెల్లని చుక్కలుంటాయి. మన వేలిముద్రల్లాగే ఒక చేప చుక్కలు మరో చేపకు ఉండవు. ఇంత దేహం ఉండి అది తినేది నీటిలో తేలే సన్నటి జీవాలను, చేప గుడ్లను, చిన్న చేపలను. నోరు తెరిచి నీరు పట్టి, మొప్పల దగ్గర వడగట్టుకుంటుంది. మనిషి జోలికి రాదు. మన ఇళ్ళలో బాలింతలకు వండిపెట్టే పాలసొర వేరు, ఇది వేరు.

దీన్ని చూడాలంటే ఎప్పుడు వెళ్ళాలని అడిగేవారికి సౌరాష్ట్ర తీరం చెప్పే జవాబు ఇది: చలికాలం మొదలు వైశాఖం వరకు. చలికాలంలో ఉత్తరం నుంచి వీచే పొడిగాలికి అరేబియా సముద్రం పైనీరు చల్లబడి కిందికి దిగుతుంది. అడుగునున్న సారం పైకి వస్తుంది. దాంతో సన్నజీవాలు పెరుగుతాయి, వాటి వెంట ఈ చేప వస్తుంది. వర్షాకాలంలో దాన్ని చూశామనేవారు అరుదు. అప్పుడు చేప లేదనుకోవడం పొరపాటు. వేట నిషేధం వల్ల పడవలు ఒడ్డున ఉంటాయి, చూసే కళ్ళే నీటి మీద ఉండవు. కాబట్టి సొర కనిపించే కాలమంటే సొర, వల ఒకేచోట ఉండే కాలమని అర్థం. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఒకప్పుడు అక్కడ ఇది వేట కాలం. మార్చి నుంచి మే దాకా వేట ముమ్మరంగా సాగేది. కొక్కేనికి పీపాలు కట్టి, చేప అలసిపోయేదాకా వదలకుండా లాగేవారు. అందుకే దానికి ‘బారెల్’ అని పేరు పెట్టారు. కార్జం నూనెను పడవల చెక్కకు నీరు పట్టకుండా పూసేవారు. మాంసం విదేశాలకు పోయేది. 2001 మే నెలలో కేంద్రం ఈ చేపను వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. నేడు చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు.

అయితే వేట మానింది జైలు భయంతో మాత్రమే కాదు. 2004 నుంచి గుజరాత్ అటవీ శాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, ఒక పెద్ద కంపెనీ కలిసి ఊరూరా తిరిగాయి. రామకథ చెప్పే మొరారీ బాపు, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను చంపుకుంటామా అని బెస్తలను అడిగారు. ‘బారెల్’ పోయి ‘వ్హాలీ’, అంటే ముద్దుబిడ్డ, అనే పేరు వచ్చింది. మాటతో పాటు డబ్బూ వచ్చింది. చేపను విడిచేందుకు వల కోసుకున్నవారికి ప్రభుత్వం పరిహారం ఇవ్వసాగింది. కోసినట్టు రుజువుగా ఫొటో తీసుకునేందుకు మత్స్యకారులకే కెమెరాలు ఇచ్చారు. అలా విడిచిపెట్టిన చేపలు ఈనాటికి వందల్లో ఉన్నాయి. వాటిలో కొన్నింటి వలతాళ్ళు కోసిన చేతులు మన జిల్లావాసులవి కాకుండా ఎలా ఉంటాయి?

ఇక మన తీరం సంగతి. 2021 డిసెంబరులో విశాఖకు దక్షిణాన తంతడి దగ్గర ఒక తిమింగల సొర వలలో పడి ఒడ్డుకు వచ్చింది. అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి లోతుకు పంపారు. వల నష్టపోయినవారికి పరిహారం ఇస్తామని అధికారులు అప్పుడు ప్రకటించారు. ఆ మాట ఒక్క చేపతో, ఒక్క ఊరితో ఆగిపోకూడదు. వలకు అప్పు తెచ్చినవాడు నడిసముద్రంలో కత్తి తీయాలంటే, ఎంత ఇస్తారో, ఎవరు ఇస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో ముందే తెలిసి ఉండాలి. ఆ వివరాలు భావనపాడు, కళింగపట్నం మొదలుకొని ప్రతి రేవులోనూ తెలుగులో రాసి పెట్టవలసి ఉంది. ఫోన్ చేయవలసిన నంబరు కూడా అక్కడే ఉండాలి. ఏ తేదీన, ఏ ఊరి ఎదుట, ఎన్ని బారల నీటిలో సొర కనిపించిందో రాసుకునే పుస్తకం ఒకటి రేవులో ఉంచితే నాలుగేళ్ళలో మన తీరానికీ ఒక క్యాలెండరు తయారవుతుంది. పుస్తకం ఖర్చు ఏపాటిది?

నేర్పేవారిని బయటి నుంచి పిలవనక్కరలేదు. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. వేరావళ్ వెళ్ళినవారిలో చాలామంది ఆ రోజుల్లో ఊళ్ళోనే ఉంటారు. తోక పట్టి లాగకుండా, చేప పక్కగా వల ఎలా కోయాలో చూసినవారు, చేసినవారు వారిలో ఉన్నారు. మత్స్యశాఖ, అటవీశాఖ అధికారులు ఈ వేసవిలోనే వారిని రేవుల్లో కూర్చోబెట్టి నలుగురికీ చెప్పించాలి.